కుక్క వాటా

రాజప్ప ఉప్పునీళ్లు కక్కిన రోజునే నాగేశప్పకు సంగతి తెలిసిపోయింది. తెలిసి కూడా తొమ్మిది రోజులు నోరు విప్పలేదు.

అది ఆదివారం. మూకండపల్లిలో తమ్ముడు రాజప్ప అద్దెకుండే ఇంటికి నాగేశప్ప సొరకాయ ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. వట్టి చేతులతో పోతే మరదలు శశికళ ముఖం ఎలా పెడుతుందో అతనికి తెలుసు. సొరకాయతో పోయినా అలాగే పెడుతుంది గానీ, అప్పుడు తప్పు ఆమెదవుతుంది.

రాజప్ప పెరట్లో తొట్టి మీదికి వంగి దగ్గుతున్నాడు. దగ్గీ దగ్గీ ఉన్నట్టుండి గుక్కెడు నీళ్లు కక్కాడు. కఫం కాదు, తేట నీళ్లు. అక్కడక్కడా ఒక ఎర్ర జీర. మూతి తుడుచుకుని, ఉప్పుగా ఉన్నాయన్నా అన్నాడు. తొట్టి గట్టు మీద ఆ నీళ్లలో తెల్లటి పొరలు రెండు మూడు పడి ఉన్నాయి, ద్రాక్షపండు నమిలి ఊసిన తొక్కల్లాగా. శశికళ ఎర్ర జీర చూసి హడలిపోయి, చెంబుతో నీళ్లు కుమ్మరించి అన్నింటినీ తూములోకి తోసేసింది. పొద్దు వాలేసరికి రాజప్ప ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. మందుల వేడి అన్నదామె.

నాగేశప్ప ఆ తొక్కల్ని నలభై ఏళ్లుగా చూస్తున్నాడు. మనిషి నోట్లోంచి రావడం మాత్రం అదే మొదటిసారి.

వాళ్లది కెలవరపల్లి. గొర్రెలు కాసే ఇల్లు. తల్లి రాజప్పను కని నెల తిరక్కముందే పోయింది. అప్పటికి నాగేశప్పకు పద్దెనిమిదేళ్లు. నాలుగో తరగతిలోనే తండ్రి అతని చేతిలోని పలక లాక్కుని కర్ర పెట్టాడు. రెండోవాడిని మాత్రం బడికి పంపి, ఆ పైన హోసూరులో ఐటీఐ చదివించారు. వాడి పలక మీద అక్షరాలన్నీ నా గొర్రెల పెంటికలే అని నాగేశప్ప తాగినప్పుడు అనేవాడు, తాగనప్పుడు అనుకునేవాడు. చదివినవాడు మూకండపల్లి కంపెనీలో లేత్ ఆపరేటరయ్యాడు. పెళ్లిచూపుల్లో, మాది వ్యవసాయం అని చెప్పాడు. పెళ్లికి అన్న ఎక్కడ కంబళి కప్పుకుని వస్తాడోనని ముందురోజే కొత్త షర్టు పంపించాడు. ఆ షర్టు నాగేశప్ప వేసుకున్నాడు. మెడ దగ్గర బిగుతు. పదేళ్లయినా ఆ బిగుతు వదల్లేదు.

దగ్గు ఏడాది కిందట పట్టుకుంది. హోసూరులో ఎక్స్‌రే తీసి టీబీ అన్నారు. ఆరు నెలలు మాత్రలు మింగితే మూత్రం ఎర్రగా పోయింది గానీ దగ్గు పోలేదు. ఉప్పునీళ్లు కక్కిన మర్నాడు కృష్ణగిరిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయారు. నాగేశప్ప కూడా వెంట వెళ్లాడు. అక్కడొక నర్సు కాగితం మీద పని ఏమిటని రాసుకుంది, లేత్ ఆపరేటరన్నాడు రాజప్ప. ఇంట్లో కుక్కలు, గొర్రెలు ఏమైనా ఉన్నాయా అని అడిగింది, లేవన్నాడు. నోట్లోంచి ఏమి పడిందని అడిగితే శశికళ అందుకుని, రక్తం అన్నది. మూడు మాటలూ అబద్ధం కావు. మూడూ నిజమూ కావు.

స్కాను తీసిన పెద్ద డాక్టరు శశికళను, నాగేశప్పను బయటికి పిలిచాడు. కుడి ఊపిరితిత్తిలో బత్తాయి పండంత గడ్డ ఉంది, అంచులు చెదిరి ఉన్నాయి, చూడబోతే క్యాన్సర్ లాగానే ఉంది అని అరవంలో మెల్లగా చెప్పాడు. వచ్చే మంగళవారం వీపులోంచి పొడుగాటి సూది గుచ్చి ముక్క తీసి చూస్తామన్నాడు. అదే అయితే సగం తిత్తి కోసి పారెయ్యాలి, ఆ పైన దేవుడి దయ. శశికళ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. నాగేశప్ప ఆమె చేతిలోని కాగితాలు అందుకుని చంకన పెట్టుకున్నాడు.

ఆ మాట బంధువులకు చేరడానికి ఒక పూట పట్టలేదు. మేనత్త వెంకటమ్మ వచ్చి తమ్ముడిని పరామర్శించి, పోతూ పోతూ వాకిట్లో అన్నను పరామర్శించింది.

"దినానికి రెండు కట్టలు బీడీ తాగేటోనివి నువ్వు. గుండ్రాయి మాదిరి ఉండావు. వక్క కూడా కొరకనోనికి వచ్చింది చూడు."

"నాకొస్తే నువ్వు వస్తావా అత్తా చూసేదానికి? బస్సు చార్జీ దండగనుకోవూ," అన్నాడు నాగేశప్ప.

ఇక అతని లోపలున్న సంగతి.

వాళ్ల నాయన జీవాన్ని కోస్తే ఎవరి వాటా వాళ్లకుండేది. తల దేవుడికి, కాళ్లు కోసినవాడికి, తిత్తి కాపలా కుక్కకు. కొన్ని గొర్రెల తిత్తుల్లో నీటిబుడ్డలుంటాయి. తెల్లగా, బిగుతుగా, కోడిగుడ్డంతవి కొన్ని, నిమ్మకాయంతవి కొన్ని. మనుషులు వాటిని తినరు. అలాగని పారేసేవారూ కాదు. నీటిబుడ్డ తిన్న కుక్కకు ఊపిరి ఎక్కువ, తోడేలు వెంట రెండు గుట్టలెక్కినా రొప్పదు అని నాయన నమ్మకం. అందుకని బుడ్డ కనబడితే పండగే, కుక్కను పేరు పెట్టి పిలిచి మరీ వేసేవారు. వాళ్ల కుక్క పేరు కరియడు. నాగేశప్ప బుడ్డను పైకి ఎగరేస్తే కరియడు గాల్లోనే అందుకునేవాడు. బుడ్డ పగిలి నీళ్లు చిమ్మేవి. చిన్న రాజప్ప చప్పట్లు కొట్టి ఇంకోటి ఇంకోటి అని గంతులేసేవాడు.

తల్లి లేని బిడ్డ. నాయన, అన్న మంద వెంట పోతే, దొడ్లో కరియడి పొట్టే వాడికి పరుపు. వాడి ముఖం నాకి నిద్రలేపేది కరియడే. ఆ బొచ్చులో పెట్టిన చేత్తోనే వాడు సంగటి తినేవాడు. వాడిని నేను పెంచినాను అని నాగేశప్ప ఊరంతా చెప్పుకునేవాడు గానీ, లెక్క ప్రకారం సగం పెంచింది కరియడు.

రాజప్పకు ఎనిమిదేళ్లప్పుడు గొర్రెలకు పురుగుల మందు తాపే క్యాంపు పెట్టారు. పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఆంజప్ప వచ్చాడు. ఖాకీ సంచి, సోడాబుడ్డి కళ్లద్దాలు. ఆ రోజు నాగేశప్ప కరియడికి బుడ్డ ఎగరెయ్యడం చూసి ఆయన చేతిలో సీసా పక్కన పెట్టాడు. ఈ బుడ్డ కుక్క కడుపులో పురుగవుతుందనీ, ఆ పురుగు గుడ్లు కుక్క బొచ్చుకు అంటుకుని ఉంటాయనీ, అవి మనిషి నోట్లోకి పోతే ఏళ్లూ పూళ్లూ గడిచాక మనిషి తిత్తిలో, కార్జంలో ఇదే బుడ్డ పుడుతుందనీ నిదానంగా చెప్పాడు. పాతిపెట్టండి, లేదంటే కాల్చెయ్యండి అన్నాడు.

చుట్టూ పదిమంది కాపరులున్నారు. ఒక కాంపౌండరు వచ్చి తమ నాయనకు తెలియనిది చెప్పడం నాగేశప్పకు కారం పూసినట్టయింది.

"మా తాత కాలం నుంచి వేస్తాండాము," అన్నాడు. "మా ఇంట్లో ఎవురికి పుట్టిందప్పా బుడ్డ? నీ పెండ్లాము కడుపులో చూసుకో పో. బిడ్డ పుట్టలేదు గదా, బుడ్డన్నా పుట్టిందేమో."

ఆంజప్పకు పిల్లలు లేరని అందరికీ తెలుసు. పదిమందీ నవ్వారు. నాగేశప్ప ఇంకో బుడ్డ కోసి ఆయన కళ్ల ముందే కరియడికి ఎగరేశాడు. ఆంజప్ప కళ్లద్దాలు తుడుచుకుని, మిగిలిన గొర్రెలకు మందు తాపి, సంచి సర్దుకుని పోయాడు.

ఇదీ అతనికి తెలిసిన సంగతి. చెప్పడానికి రెండు మాటలు చాలు. కానీ ఆ రెండు మాటల వెనకాల మూడోది నిలబడి ఉంది: బుడ్డలు వేసిందెవరు, వద్దని చెప్పినా వేసిందెవరు? క్యాన్సరైతే దేవుడి తప్పు. బుడ్డైతే నాగేశప్ప తప్పు. లక్షల మిషను పెట్టుకున్న డాక్టరుకు తెలియదా, నాలుగో తరగతి వాడికి తెలుస్తుందా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. జీవితమంతా చదువు లేదని ఏడ్చినవాడికి, ఆ లేకపోవడం మొదటిసారి పనికొచ్చింది.

గురువారం మూకండపల్లి బస్టాపు దాకా పోయి, టీ తాగి, వెనక్కొచ్చాడు. శనివారం ఇంట్లోకే వెళ్లాడు. రాజప్ప మంచం మీద కూర్చుని, కంపెనీ కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో శశికళకు చెబుతున్నాడు. ఆమె వినకుండా గోడకేసి చూస్తోంది. అన్నను చూసి రాజప్ప నవ్వబోయి దగ్గాడు. నాకేమైనా అయితే శశికళను కొంచెం చూస్తా ఉండన్నా అన్నాడు. వాడు అన్నను ఏదైనా అడగడం పదేళ్లలో అదే మొదలు. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాడు నాగేశప్ప.

"ఆ సొరకాయ కోసినారా, ముదిరిపోతాది," అని మాత్రం అనగలిగాడు.

సోమవారం మధ్యాహ్నం ఆంజప్పను వెతుక్కుంటూ మత్తిగిరి పోయాడు. ఆయన రిటైరై, పెంకుటింటి ముందు కోళ్లకు గింజలు చల్లుకుంటున్నాడు. సోడాబుడ్డి అద్దాలు ఇంకా మందమయ్యాయి. నాగేశప్పను గుర్తుపట్టాడో లేదో తెలియలేదు, కూర్చోమన్నాడు. నాగేశప్ప కూర్చోలేదు.

"ఒక గొర్రెకు తిత్తిలో బుడ్డ ఉండాదనుకో సామీ. దాంట్లో సూది గుచ్చితే ఏమైతాది?"

"గొర్రెకు సూది ఎవురు గుచ్చుతారప్పా? కోసుకుని తింటారు గాని." ఆంజప్ప చేతిలోని గింజలు జారవిడిచాడు. "ఎవురికి?"

"తమ్మునికి."

"ఆ కుక్క మీద పండుకునే పిల్లోనికా?"

గుర్తుపట్టాడన్నమాట. నాగేశప్ప తల ఊపాడు. ఉప్పునీళ్లు, తొక్కలు, దద్దుర్లు అన్నీ చెప్పాడు. ఆంజప్ప కోళ్లను అవతలికి అదిలించి, లోపల బుడ్డ ఇప్పటికే చిట్లి ఉంటుందనీ, చీము పట్టి గట్టిపడితే ఫోటోలో క్యాన్సర్ మాదిరే కనిపిస్తుందనీ, డాక్టరు తప్పేమీ లేదనీ, ఎవరూ గొర్రెల మాట చెప్పకపోతే ఆయనకెలా తడుతుందనీ అన్నాడు.

"సూది గుచ్చి ఆ నీళ్లు లోపల చిందినాయనుకో, కొందరి ఒళ్లు తట్టుకోదు. ఊపిరాడక బల్ల మీదనే పోయినోళ్లు ఉండారని పుస్తకంలో చదివినాను. అందరికీ కాదు. ఎవురికి అనేది మాత్రం ముందుగా తెలీదు. ఎప్పుడు గుచ్చేది?"

"రేపు పదింటికి."

ఆంజప్ప లోపలికి పోయి కాగితం మీద ఆ రోగం పేరు ఇంగ్లీషులో రాసి తెచ్చాడు. కాంపౌండరు రాసిన చీటీ ఏ డాక్టరూ నమ్మడు, చేతనైతే కంటికి చూపించు అన్నాడు. ఆనాటి మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే నాగేశప్పకు తేలికయ్యేది. ఆ తేలిక కూడా ఆయన ఇవ్వలేదు.

మంగళవారం తెల్లారకముందే నాగేశప్ప మందలో అన్నింటికన్నా ముసలి గొర్రెను కోశాడు. తిత్తి రెండు చేతుల్లోకి తీసుకుని తడిమి చూశాడు. శుభ్రంగా ఉంది. ఆరుగంటల బస్సు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. రెండోదాన్ని కోశాడు. మూడు ఈతలు ఈనిన మంచి గొర్రె, దాని పిల్ల దొడ్లో అరుస్తూనే ఉంది. తిత్తి కింది అంచున బొటనవేలికి బిగుతుగా తగిలింది. రెండు బుడ్డలు. శశికళ ఎప్పుడో పండక్కి సాంబారు పోసి పంపిన టిఫిను బాక్సు అటక మీద ఉంది. తిరిగి ఇవ్వలేదని ఆమె సంవత్సరంగా సాధిస్తోంది. ఆ ముక్కను అందులో పెట్టి మూత బిగించాడు. మిగిలిన తిత్తి ఎదురుగా కుక్క కూర్చుంది. ఇది కరియడి మనవడో మునిమనవడో. తోక నేలకేసి కొడుతూ తన వాటా కోసం చూస్తోంది. నాగేశప్ప మిగిలినదంతా గోనెసంచిలో కట్టి దూలానికి వేలాడదీసి పరుగెత్తాడు.

హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సు దొరికేసరికి ఎనిమిదిన్నర. శూలగిరి దగ్గర రోడ్డు పని. బస్సు నత్తలా పాకింది. బాక్సు అంచు నుంచి ఎర్రగా కారి పంచె తడిసింది. పక్కనామె ముక్కు మూసుకుని ఏమిటని అడిగితే కూర అన్నాడు. వాసనొస్తా ఉండాది దిగిపో అన్నాడు కండక్టరు. దిగనన్నాడు నాగేశప్ప. ఆ అనడంలో ఏముందో, కండక్టరు మళ్లీ అడగలేదు.

ఆసుపత్రి గేటులో అడుగు పెట్టేటప్పటికి గోడ గడియారం పది దాటి ఐదు నిమిషాలు. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టి, బాక్సులో ఏముందన్నాడు.

"మా తమ్ముని రోగం."

వాడు మూత తీసి, చూసి, వెనక్కి తూలాడు. ఆ సందులో నాగేశప్ప బాక్సు లాక్కుని, మూత బిగించి, లోపలికి దూరి మేడ మీదికి పరుగెత్తాడు. స్కాను గది తలుపు తోశాడు. రాజప్ప ఆకుపచ్చ గౌనులో బోర్లా పడుకుని ఉన్నాడు. వీపు మీద పెన్నుతో గుర్తు గీసి ఉంది. డాక్టరు చేతికి గ్లవ్స్ వేసుకుంటున్నాడు, ట్రేలో సూది సిద్ధంగా ఉంది. వెనకాలే శశికళ, కాపలావాడు, ఇద్దరు నర్సులు వచ్చిపడ్డారు. ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు.

"గుచ్చొద్దు సార్. అది గడ్డ కాదు. గొర్రె బుడ్డ."

డాక్టరు ముందు కోపంగా చూశాడు. తరువాత అతని పంచె మీది నెత్తురు చూశాడు. నాగేశప్ప జేబులోని చీటీ తీసి ఇచ్చాడు. డాక్టరు చదివి కనుబొమలు ముడిచాడు, అతన్ని వదలమని సైగ చేశాడు. రాజప్ప దగ్గరికి వంగి, చిన్నప్పుడు మీ ఇంట్లో గొర్రెలుండేవా, కుక్కలుండేవా అని అడిగాడు.

రాజప్ప తలుపు దగ్గరున్న శశికళ వైపు చూశాడు.

"లేదు సార్," అన్నాడు.

నాగేశప్పకు తమ్ముడి ముఖం పక్కనుంచి సగమే కనబడుతోంది. ఆ సగం ముఖం మీద చెమట.

"కరియడు లేడారా?" అన్నాడు. "వానొస్తే ఎవుని కింద దూరేటోనివిరా నువ్వు? సిగ్గు ఇడిసిపెట్టు, చచ్చేది నువ్వు." డాక్టరు వైపు తిరిగాడు. "మాది గొర్రెలిల్లు సార్. వీడు కుక్క మీదనే పండుకుని పెరిగినాడు. దానికి బుడ్డలు వేసింది నేనే. మనుషులకు వస్తాదని ఒకాయన ముందే చెప్పినాడు. చెప్పినా వేసినాను."

డాక్టరు బాక్సు తెరిచి కత్తెర మొనతో బుడ్డను నొక్కాడు. అది చిట్లి తేట నీళ్లు కారాయి. లోపలి తెల్ల పొర ముడుచుకుని బయటికొచ్చింది. రాజప్ప మోచేతి మీద లేచి చూశాడు.

"అవే సార్," అన్నాడు. "నా నోట్లోంచి వచ్చినవి అవే. ఉప్పునీళ్లు. రక్తం కాదు." శశికళ వైపు చూడకుండా, "గొర్రెలుండేవి సార్," అన్నాడు.

డాక్టరు సూది తీసి మూత పెట్టాడు. ఆ చిన్న చప్పుడు విన్నాకే నాగేశప్ప గోడవారగా కూర్చున్నాడు.

ఆ రోజే పొట్ట స్కాను తీస్తే కార్జంలో ఇంకొక బుడ్డ కనబడింది. ఇది చిట్లలేదు, గుడ్డు మాదిరి గుండ్రంగా ఉంది. రక్తం తీసి పరీక్షకు బయటి ల్యాబుకు పంపారు. పది రోజులకు, ఆంజప్ప రాసిన పేరే అచ్చులో వచ్చింది. బెంగళూరులో పెద్ద ఆపరేషను చేసి రెండూ జాగ్రత్తగా తీశారు. సగం తిత్తి పోలేదు. బుడ్డ పొరను సీసాలో వేసి చదువుకునే పిల్లలందరికీ చూపించారు. ఇటువంటిది కనిపెట్టడం కష్టమని వాళ్లలో వాళ్లు ఇంగ్లీషులో మెచ్చుకున్నారు. అది ఎవడు కనిపెట్టాడని ఎవరూ అడగలేదు. నెలల తరబడి మింగమని మాత్రలిచ్చారు. ఆంజప్ప గొర్రెలకు తాపేది కూడా ఆ జాతి మందే.

మూడు నెలలకు రాజప్ప కెలవరపల్లి వచ్చాడు. పెళ్లయ్యాక దొడ్లో అడుగు పెట్టడం అదే మొదలు. వెంట శశికళ రాలేదు, కడిగిన టిఫిను బాక్సు కూడా తనకొద్దని చెప్పి పంపింది. నాగేశప్ప ఆ రోజు మొక్కు పొట్టేలు కోసి, తిత్తి పక్కన పెట్టి, చింతచెట్టు అవతల గుంత తవ్వుతున్నాడు. ఆంజప్ప చెప్పి తాపించిన మందుతో కుక్క కొంచెం నీరసించి ఉంది. అయినా వచ్చి తిత్తికి ఎదురుగా కూర్చుంది. మెడకు గొలుసు.

రాజప్ప రాయి మీద కూర్చున్నాడు. చొక్కా కింద కుట్ల చోట చెయ్యి పెట్టుకుని కాసేపు గుంతకేసి చూశాడు.

"నాయన నాకిచ్చిన వాటా అదొక్కటేనన్నా. దాన్ని కూడా డాక్టరు సీసాలో పెట్టుకున్నాడు."

నాగేశప్ప నవ్వలేదు. తమ్ముడు నవ్వించడానికి అన్నాడో పొడవడానికి అన్నాడో తేల్చుకోలేకపోయాడు.

"నేను తొట్టి కాడ కక్కినప్పుడే తెలుసునా నీకు?"

పార ఆగింది. లేదు, ఆంజప్ప చెప్పినాకనే తెలిసింది అని ఒక మాట తయారుగా ఉంది. మూడు నెలలుగా దాన్ని నున్నగా చెక్కి పెట్టుకున్నాడు.

"తెలుసు," అన్నాడు.

రాజప్ప వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఆ ఆదివారం నుంచి మరుసటి వారం సోమవారం దాకా, ఒక్కొక్క వేలే, నిదానంగా. తొమ్మిదో వేలు దగ్గర ఆగి, ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. లేచి పోతాడనుకున్నాడు నాగేశప్ప. రోడ్డు మీద హోసూరు బస్సు వచ్చి, హారను కొట్టి, పోయింది.

నాగేశప్ప తిత్తిని గుంతలో వెయ్యబోయాడు. కుక్క గొలుసు లాగి మూలిగింది.

"ఆ లోతు చాలదు. తవ్వి తీస్తాది అది," అన్నాడు రాజప్ప, రాయి మీది నుంచి కదలకుండా. "ఇంకా తవ్వు."

నాగేశప్ప పంచె ఎగగట్టి మళ్లీ గుంతలోకి దిగాడు.